కాల్చకుండా వస్తావా?

జమైకాలో ఒక పల్లె ఆసుపత్రి. ఐవరీన్ భుజానికి కుట్లు వేసి నర్సు అటు వెళ్ళగానే, కానిస్టేబుల్ కాగితాలు పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు.

“ఆంటీ, నరికింది మీ అబ్బాయి లాసెల్సేనని ఒక్క మాట చెప్పండి, చాలు.”

“రేకు మీద పడ్డానని చెప్పాగా, నాయనా.”

“రేకు వెంటపడి రెండుసార్లు నరుకుతుందా? ఎముక బయటపడింది. కుక్కను కూడా ముక్కలు చేశాడు, వీధంతా చూసింది. ఈసారి మీ మెడే తెగుతుంది.”

“తెగనీ. మా తమ్ముడూ ఇలాగే ఒకణ్ణి కొట్టాడు. మతి లేనివాణ్ణి విచారించలేమని జడ్జిగారు జైలుకు పంపి మరిచిపోయారు. ఇరవై ఆరేళ్ళు! చివరికి తోటి ఖైదీలు తల పగలగొడితే శవాన్ని ఇచ్చారు. నా కొడుకునూ అక్కడికే పంపమంటావా?”

“మరేం చేయమంటారు?”

“నెలనెలా మతి కుదిరే సూది పడినన్నాళ్ళూ వాడు నాకు వండిపెట్టేవాడు. క్లినిక్ నర్సుకు బండి లేదని నాలుగు నెలలుగా సూదే లేదు. మీకు జీపుందిగా, ఆవిణ్ణి ఎక్కించుకెళ్ళు.”

అతను కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“తీసుకెళ్తాను. కానీ కొడవలి ఎత్తాడంటే కాల్చక తప్పదు, ఆంటీ.”

ఐవరీన్ చేతికున్న సెలైన్ పీకేసి మంచం దిగింది.

“అయితే నేనూ వస్తాను. ముందు నన్ను కాల్చు.”

ఆ మధ్యాహ్నం కానిస్టేబుల్, ఐవరీన్, ఇద్దరు పొరుగువాళ్ళు కలిసి లాసెల్స్‌ను వాకిట్లో నేలకేసి అదిమిపట్టారు. వాడు తల్లి చేతిని రక్తం వచ్చేలా కొరికాడు. ఆమె వదల్లేదు. సూది పడింది. తుపాకీ పేలలేదు.