సీమోను గారు తిన్న కొర్రమట్ట

1993 జూలై పన్నెండవ తేదీ ఉదయం కామారెడ్డి మీద నల్లమబ్బు ఇండ్ల కప్పులకు అందేటంత కిందికి దిగి ఉన్నది గాని, ఒక్క చినుకూ రాలలేదు. మత్స్యశాఖ కార్యాలయంలో క్షేత్ర సహాయకులుగా చేరడానికి బీబీపేట నుండి వచ్చిన శ్రీ సీమోను గారు గొడుగు బల్ల మీద పెట్టి సంతకం చేశారు. బయటికి రాగానే వాన దంచింది. గొడుగు కోసం మళ్ళీ లోపలికి పోతే, చేరిన దినమే వెనుకకు వచ్చినాడంటారని మొగమాటపడి, తడుస్తూనే బస్టాండుకు నడిచారు. నీళ్లతో వారి ముప్పై రెండేండ్ల సావాసం అట్లా మొదలైంది.

కామారెడ్డిలో పనిచేసిన పద్దెనిమిది సంవత్సరాలూ వారు చేపపిల్లల సంచులను మోశారు. సంచిని కట్టు విప్పకుండా పావుగంట చెరువులో తేలనిచ్చి, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒక్కటైన తరువాతనే పిల్లలను విడవాలన్నది వారి నియమం. దండలు వేసుకున్న పెద్దలు ఎండలో నిలబడి గడియారం చూసుకున్నా ఆ పావుగంటను వారు తగ్గించలేదు.

2011లో ఎల్లారెడ్డికి బదిలీ అయినారు. అక్కడి తుంగచెరువులో కొర్రమట్టలు ఏటేటా తగ్గిపోవడం వారి మనసును కలచివేసింది. కొర్రమట్ట తన ఎర్రని పిల్లల గుంపు కింద కావలి ఉంటుంది. పిల్లలను విడిచి పోదు గనుక గాలానికి సులభంగా చిక్కుతుంది. ఒక్క పెద్దచేప పోతే ఆ గుంపంతా నీటికాకుల పాలు. ఊరు సగం భరిస్తే ప్రభుత్వం సగం భరించే సంరక్షణ పథకం వచ్చినప్పుడు, సీమోను గారు ఊరి మత్స్యకారుల సంఘం సభ్యులను ఇంటింటికీ తిరిగి ఒప్పించారు. ఊరి వాటా చెమట: చెరువులో తుంగ పెరిగిన మూలకు రాళ్లు మోసి, కంప నాటి, ఆషాఢం నుండి దసరా దాకా అక్కడ చేపను ముట్టమని ప్రమాణం చేయడం. ప్రమాణం తప్పితే ప్రభుత్వపు సగం ఆగిపోతుంది. సగం కట్టిన రాతికట్ట వరదకు పోతుంది.

2018 శ్రావణంలో, రాతికట్ట సగానికి వచ్చిన రోజులలో, వారు చెరువు చూడబోయి వానకు చిక్కారు. సంఘం అధ్యక్షుడు మైసన్న ఇంటికి పిలిచాడు. ఆయన భార్య సాలవ్వ వేడి అన్నం, పులుసు వడ్డించింది. సీమోను గారు కండ్లు మూసుకొని ప్రార్థన చేసుకొని, రెండుసార్లు పులుసు పోయించుకొని, మూడవసారీ పోయమని కంచం జరిపారు.

“ఇంత పెద్ద కొర్రమట్ట ఏడ దొరికింది మైసన్నా?”

“మన మూలలనే సారూ.”

సీమోను గారి చేయి కంచంలోనే ఆగిపోయింది.

“వల ఎయ్యలే సారూ,” మైసన్న తొందరపడ్డాడు. “గాలమే ఏసిన. ఒక్కటే. పిల్లల మీద కాపున్నది, లటుక్కున మింగింది. సారు కాపాడిన చేప సారుకు గాక ఎవలికి పెడ్తం?”

“ముట్టమని అందరి ముంగట ఒట్టు పెట్టినవు గదనే!”

“మాకోసం ముట్టమన్నం. మీకోసం ముట్టమని అన్నమా?”

కపటం లేని మాట. ఇంటికి వచ్చిన అతిథికి మంచి చేపనే పెట్టాలన్న మర్యాద ఆ ఇంటివారిది. తెల్లవారితే తనిఖీ. ముల్లు సైతం మిగలని చేపను గురించి ఎవరూ అడగరు. అయినా సీమోను గారు ఇల్లు చేరి, నివేదికలో చివరి వాక్యంగా ఇట్లా రాశారు: “రక్షిత స్థలంలో ఒక తల్లిచేప చంపబడినది. తిన్నవాడను నేనే.”

తనిఖీకి వచ్చిన అధికారిణి సుభద్రమ్మ గారు ఆ వాక్యం రెండుసార్లు చదివారు. “తిన్ననని రాసిచ్చినోళ్లను నా నౌకరిల ఇప్పుడే చూస్తున్న,” అన్నారు. నవ్వలేదు. పథకం ఒక సంవత్సరం ఆగింది; సీమోను గారికి మందలింపు పత్రం అందింది. మరుసటి ఏడు మళ్ళీ పూర్తి కాలం ముట్టకుండా చూపితేనే మిగిలిన సగం అన్నారు.

“తిన్నోనివి తిన్నట్టు ఊకోరాదా సారూ?” అని సాలవ్వ చెరువు కట్ట మీదనే నిలదీసింది. “నా చేతి పులుసును కాయితమెక్కిస్తివి!”

“పులుసు బాగుందని గూడ రాస్తుంటినవ్వా, జాగ చాలలే,” అన్నారు సీమోను గారు.

ఆమె కోపం నవ్వులోకి జారింది. వరదకు జారిన రాళ్లను ఊరు మళ్ళీ ఎత్తుకున్నది. సెలవు దినాలలో సీమోను గారూ మోశారు. మరుసటి వర్షాకాలమంతా ఆ మూలకు కావలి సాలవ్వే. గాలం పట్టుకొని తిరిగితే మొగడని కూడా చూడలేదు. ఆ శ్రావణంలో తుంగ నడుమ ఎర్రని గుంపులు ఏడు తేలినవి. మిగిలిన సగం వచ్చింది, కట్ట పూర్తయింది. నేడు పోచారం దిక్కు నుండి కూడా సంఘాలవారు వచ్చి ఆ మూలను చూసిపోతున్నారు.

ఈ జూలై ముప్పై ఒకటిన సీమోను గారు పదవీ విరమణ చేస్తున్నారు. వారి సహధర్మచారిణి శ్రీమతి వినోద గారి తోడులో, నిండు ఆరోగ్యంతో నూరేండ్లు చల్లగా ఉండాలనీ, వానలు పడిన ప్రతి ఏడూ తుంగచెరువు కట్ట ఎక్కి ఆ గుంపులను లెక్కపెట్టేంత బలం వారి కాళ్లకూ కండ్లకూ ఉండాలనీ కార్యాలయ మిత్రులమందరం మనసారా కోరుకుంటున్నాము.

గత ఆదివారం తుంగచెరువు వారు ఆ దంపతులను విందుకు పిలిచారు. కట్ట మీద విస్తళ్లు వేశారు. సాలవ్వ జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు వడ్డించింది. చేప లేదు; దసరా ఇంకా దూరం. సీమోను గారు విస్తరిని చూశారు, మైసన్నను చూశారు, కండ్లు మూసుకున్నారు. వారి ప్రార్థన ముగిసేదాక అందరి చేతులూ ఆగినవి. తరువాత అందరూ తిన్నారు.