వెంకటప్పయ్య గారి వేరుముక్క

గవర్నర్‌పేటలో నుస్రత్ నడిపే అక్వేరియం షాపు. కైకలూరు చేపల చెరువుల రైతు వెంకటప్పయ్య కౌంటరు ముందు నిలబడి ఉన్నాడు.

"నీ చేపల్లోనే ఏదో తేడా ఉందమ్మా."

"బాబాయ్ గారూ, ఇదే తొట్టిలో చేపల్ని పదిళ్ళవాళ్ళు పట్టుకెళ్ళారు. అందరిళ్ళలో బతికే ఉన్నాయి. మీ ఇంట్లోనే మూడుసార్లు పోయాయి."

"నిన్నటితో నాలుగు."

"నిన్న కూడానా? అన్నీనా?"

"అన్నీ."

"అయితే తొట్టిలో అందానికి పెట్టే ఆ వేరుముక్కా, రాళ్ళూ ఎలా కడిగారో ఇప్పుడైనా చెప్పండి."

"ముప్పయ్యేళ్ళు చెరువులు చేసినవాణ్ణి. నాకు కడగడం నేర్పుతావా?"

"నేర్పట్లేదు, అడుగుతున్నా. వేరుని ఉడకబెట్టారా?"

"శుభ్రంగా కడిగా."

"ఉడకబెట్టారా అంటే కడిగానంటారు. సబ్బు పెట్టారా?"

"సబ్బెందుకు పెడతా, ఆ మాత్రం తెలీదా."

"మరి?"

"శుభ్రంగా కడిగానన్నాగా."

"పోయినసారీ ఇదే మాట. విసుగొస్తోంది బాబాయ్ గారూ. చావడానికే పంపుతున్నట్టుంది నాకు. పిన్నిగారి కోసమన్నారని ఊరుకుంటున్నా."

"ఆవిడ కోసమే. పక్షవాతం వచ్చి ఐదు నెల్లు. మాట పోయింది. కదిలేదేదన్నా కళ్ళముందు పెట్టండి, ఎప్పటికైనా పలుకుతుందేమో అన్నాడు డాక్టరు. అందుకేగా మంచానికి ఎదురుగా తొట్టి పెట్టింది."

"మరి ఆవిడ కళ్ళముందే చేపలు చచ్చి తేలుతుంటే..."

"ఆ మాటనకు."

"అంటాను. ఏం వేసి కడిగారు?"

"...బ్లీచింగు."

"బ్లీచింగా?"

"చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, బ్లీచింగేసి, అప్పుడు నీళ్ళు పెడతాం. ఎన్ని లక్షల చేపపిల్లల్ని వదిలానో. ఒక్క రోగం రాలేదు."

"చెరువుకి ఎండ తగుల్తుంది, పదిరోజులు ఆగుతారు. ఇది కర్ర, పీల్చుకుంటుంది. తొట్టిలో పెట్టాక మెల్లగా వదుల్తుంది. మీరెన్ని రోజులాగారు?"

"ఓ పూట."

"నాలుగుసార్లూనా?"

"మొదటిసారి పోయాక, సరిగ్గా కడగలేదేమోనని రెండోసారి ఇంకాస్త ఎక్కువేశా."

"ఏమనాలి మిమ్మల్ని. ఆ వేరు పారేయండి. ఇదిగో కొత్తది. బ్రష్షుతో రుద్ది, రెండు మూడు గంటలు మరగబెట్టండి. నీళ్ళు ఎర్రగా దిగుతాయి. పారబోసి, ఆ రంగు తగ్గేదాకా మంచినీళ్ళు మారుస్తూ నానేయండి. రాళ్ళు మాత్రం మరగబెట్టకండి, పగుల్తాయి. వేణ్ణీళ్ళు పోసి రుద్దితే చాలు. మందూ మాకూ ఏమీ వద్దు."

"అంటే తప్పు బ్లీచింగుదంటావు."

"బ్లీచింగుది కాదు, మీది."

"ఆవిడా అదే అంది."

"ఎవరు?"

"మీ పిన్ని. నిన్న నేను చచ్చిన చేపల్ని తీసేస్తుంటే చూసి చూసి, ముద్దముద్దగా... 'బ్లీచింగేశావా, తెలివితక్కువోడా' అంది."

"పిన్నిగారు మాట్లాడారా? ఆ సంగతి ముందు చెప్పరేం?"

"నన్ను తిట్టిన మాటని ముందే ఎలా చెప్పుకోనమ్మా? ఐదు నెల్లకి మొదటి మాట. తర్వాత ఎంత బతిమాలినా మళ్ళీ నోరు విప్పలా."

"విప్పుతారు. ఇదిగో చేపలు. ఈసారి మాత్రం..."

"మరగబెట్టే కడుగుతా, ఒట్టు. ఆవిడకి మాత్రం మళ్ళీ బ్లీచింగే వేశానని చెప్తా."