తాళం వేసిన ఫోటో

నాచారంలోని ఆ ఆఫీసులో పెళ్లి సంబంధాల వెబ్‌సైటు తయారైంది. పరీక్ష కోసం ఆఫీసువాళ్లంతా తమ ఫోటోలే ఎక్కించారు; అనుమతి లేనివాళ్లు చూడకుండా కొందరు వాటికి తాళం వేశారు. టెస్టింగ్ చేసే అమ్మాయి టీమ్ లీడర్‌ని పిలిచి తెర చూపించింది.

"తాళమేసిన ఫోటోలు గూడ తెరుసుకుంటున్నయన్నా. పైన వెబ్ అడ్రస్‌ల ఉన్న నంబర్ మారిస్తే సాలు."

"నంబర్లు మార్చి చూసే తీరిక ఎవడికుందమ్మా? రేపే రిలీజు. పాస్ అని పెట్టెయ్."

"తాళాన్ని నమ్మి ఆడివిల్లలు ఫోటోలు వెడ్తరు. నేను పాస్ వెట్టనన్నా."

"చూస్తే మాత్రం ఏం పోతుంది? నీదే చూడు, ఆకుపచ్చ చీరలో ఎంత పద్ధతిగా ఉందో!"

ఆమె మౌస్ వదిలేసి అతని ముఖంలోకి చూసింది.

"నా ఫోటోకు గూడ తాళమేసిన. మీరెట్ల సూసిన్రు?"

అతను గొంతు తగ్గించాడు.

"ఫెయిల్ అని పెట్టు. రిలీజు ఆపిస్తాను."

"పెడ్తున్న సార్," అంది ఆమె.