ఎడమవైపు మొదటి కుర్చీ

అబ్బ, కదలకండీ! గడ్డం కింద కత్తి పెట్టి ఉన్నాను, తెగితే మళ్ళీ నన్నే అంటారు. కాస్త తల పైకెత్తండి. ఆఁ, అలాగ.

మంగలిని నేనే వెనక్కి పంపించేశాను. నర్సుని కూడా కాసేపు బయట కూర్చోమన్నాను. ఏం, మొగుడికి గడ్డం గీయడానికి పెళ్ళానికి ఎవరి అనుమతి కావాలి? మొగుడు రాజైతే మాత్రం?

అదే కదా, ఏం చెబుతున్నాను? ఆఁ, టీవీ. పొద్దున్నే ఆ నర్సు టీవీ పెట్టింది. ఏ చానెల్ తిప్పినా మన పిచికే. ఇవాళ మహాసభలో దాని మొదటి ప్రసంగం కదా, నిన్నటి నుంచీ ఊరంతా అదే గోల. "అచ్చం తండ్రే" అంట! ఆ నిదానం అంట, ఆ ఆగడం అంట. వాక్యం అవగానే తల ఎడమవైపు తిప్పి ఎటో దూరంగా చూస్తుందే, ఆ చూపులో దేశ భవిష్యత్తు కనిపిస్తోందంట కోటు తొడుక్కున్న ఒకాయనకి. కాఫీ తాగుతున్నానా, నవ్వొచ్చి పొలమారింది.

మీకు నవ్వు రాలేదా? రాదులెండి. నవ్వొచ్చినా సగం మూతే కదులుతుంది పాపం.

అదే పోయిన నెల వంతెన ప్రారంభం దగ్గర ఒక్క పేరు తప్పు పలికిందనుకోండి, అప్పుడేమన్నారు? "తల్లి రాసిచ్చినట్టుంది" అన్నారు. "తల్లి కీ ఇస్తే ఆడే బొమ్మ" అన్నారు. మా పనమ్మాయి బజారుకెళ్ళి అన్నీ విని వస్తుంది, వచ్చి నాకు చెప్పకుండా ఉండలేదు. చెప్పేటప్పుడు దాని మొహంలో ఎంత ఆనందమో! బాగా మాట్లాడితే మీ రక్తం, తడబడితే నా పెంపకం. ఎంత చక్కగా పంచారండీ! ఇద్దరం కలిసి కన్నామన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఇటు తిరగండి. ఈ చెంప కూడా అవనివ్వండి. ఈ పక్క మీకు స్పర్శ లేదు కాబట్టి నాకు భయం తక్కువ.

రక్తంలో ఉందంట! ఏముందండీ మీ రక్తంలో? చెప్పండి. నత్తి. అంతే కదా ఉన్నది?

ఏం, అలా చూస్తారు? గదిలో ఇంకెవరున్నారని? పెళ్ళిచూపుల్లో మీ అమ్మగారు ఏమన్నారు, "మా వాడు మితభాషి". మితభాషి! పెళ్ళయ్యాక మొదటిసారి నా పేరు పిలవబోయి మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోయారు మీరు. పెదవి బిగుసుకుంది, మెడ నరం లేచింది, కళ్ళు తేలేశారు. నాకు మూర్ఛేమోనని భయమేసి నీళ్ళు చల్లాను. గుర్తుందా? ఆ తర్వాత ఏళ్ళ తరబడి నన్ను "ఇదిగో" అనే పిలిచారు. రాణిని. "ఇదిగో".

అప్పుడు ఎవరండీ దారి కనిపెట్టింది? మీ అమ్మగారా? మీ మంత్రులా?

ముందు వరసలో ఎడమవైపు మొదటి కుర్చీ. అందులో నేను. నా చేతిలో తెల్ల రుమాలు. మీరు ఒక వాక్యం చెప్పి ఆగాలి, నా వైపు చూడాలి, నాతోపాటు ఊపిరి పీల్చాలి. నేను రుమాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చగానే తర్వాతి వాక్యం ఎత్తుకోవాలి. అంతే. ఊపిరి ఒకరిది, నోరు ఒకరిది. ఎంతమంది చూశారండీ ఆ రుమాలు? వేలమంది. ఎవరికైనా తట్టిందా? మీకు మాత్రం బ్రహ్మాండమైన పేరొచ్చింది. "రాజమౌనం" అన్నారు దాన్ని. పుస్తకాలు కూడా రాశారు కదా. నేను రుమాలు మార్చడం కాస్త ఆలస్యమైతే, ఇవాళ రాజుగారు మరీ లోతుగా ఆలోచిస్తున్నారని చెప్పుకునేవాళ్ళు.

జ్వరమొచ్చినా ఆ కుర్చీలోనే. కడుపుతో ఉన్నా ఆ కుర్చీలోనే. పురిటికెళ్ళిన రోజుల్లో మీకు "గొంతు బాగాలేదు", సభలన్నీ వాయిదా. నాకొక్కసారి తుమ్మొచ్చి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంటే, మీరు ఆ వాక్యం సగంలో మింగేసి కూర్చున్నారు. అది కూడా గాంభీర్యమే అన్నారు మహానుభావులు.

సరేలెండి. నేనేమైనా అడిగానా? నోరు మెదిపానా ఎప్పుడైనా? మీకు పక్షవాతం వచ్చి అసలు నోరే పడిపోయాక కూడా అడగలేదు. ఇప్పుడు అడిగినా మీరేం చెప్పగలరు గనక.

కానీ పిచిక సంగతి వేరు. పిచిక అని పేరు పెట్టింది మీరే కదా? పొద్దున లేచిన దగ్గర్నుంచి గలగలా మాట్లాడుతూనే ఉంటుందని. దానికి నత్తీ లేదు, గిత్తీ లేదు. వంటవాళ్ళతో, డ్రైవర్లతో, ఫోన్లో స్నేహితురాళ్ళతో ఆగకుండా వాగుతుంది. మైకు ముందుకెళ్తే మాత్రం మీరైపోతుంది!

ఎందుకవుతుందో మీకు తెలుసు. నా ఒళ్ళో కూర్చుని మీ ప్రసంగాలు విన్న పిల్ల. చిన్నప్పుడు స్టూలెక్కి బొమ్మలకి ఉపన్యాసం ఇచ్చేది చూడండి. ఒక మాట చెప్పడం, ఆగడం, ఎడమవైపు తిరిగి బట్టల బీరువాకేసి చూడటం, మళ్ళీ చెప్పడం. మనిద్దరం తలుపు వెనక నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాం. రాజులు మాట్లాడాలంటే అలాగే మాట్లాడాలి కాబోలనుకుంది పిచ్చిది. కుంటివాడి కర్రని రాజదండం అనుకుని ఎత్తుకుంది. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. మీరు చెప్పలేదు, పరువు. నేను చెప్పలేదు, మీ పరువే.

దాని మాటల మాష్టారు అదే కొట్టుకుంటున్నాడు. "అమ్మా, యువరాణిగారు మామూలుగా మాట్లాడితే ఎంత బాగుంటుందో, ఆ ఆగడం మానమని మీరైనా చెప్పండి" అని. ఆయనకేం తెలుసు? ఆ ఆగడం చూసే కదా జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నది.

కదలకండి అన్నానా! ఇదిగో, చూశారా, చిన్న గాటు పడింది. ఏం కాదులెండి, పటిక రాస్తాను.

ఆఁ... మీరెందుకు ఊగిపోతున్నారో నాకు తెలుసు. పోయిన వారం లైబ్రరీ తెరిచినప్పటి సంగతే కదా? ఇదే గదిలో ఇద్దరం టీవీలో చూశాం. పిచిక మాట్లాడుతూ ఆగింది. ఎడమవైపు చూసింది. ఇంకా ఆగే ఉంది. జనం చప్పట్లు కొట్టారు. టీవీలో వార్తలు చెప్పే అమ్మాయి "ఎంత నిండుగా ఉందో" అంది. మీరు మాత్రం కుర్చీ చెయ్యి పట్టుకుని ఊగారు.

అది ఆగడం కాదు. ఇరుక్కుపోవడం. కింది పెదవి బిగుసుకుంది, మెడ నరం లేచింది. ఆ మొహం నాకు కొత్తా? అన్నేళ్ళు మీ మీద చూశాను. పాపం, ప్రతిసారీ ఎడమవైపు చూస్తోంది. అక్కడ దేనికోసం చూస్తోందో దానికే తెలీదు. అక్కడ్నుంచి ఏ సైగా రావడం లేదు. చివరికి లేని నత్తి తెచ్చుకుంది! మీ ఆస్తి మొత్తానికి మీ కూతురికే చేరిందండీ.

నిన్న సాయంత్రం నా గదికి వచ్చింది. మీకు చెప్పలేదు కదూ? మంచం మీద నా పక్కనే పడుకుంది, చిన్నప్పట్లాగే. "అమ్మా, నాన్నకి ఆ ఆగడం ఎలా వచ్చింది? నాకు ఆగిన చోట ఊపిరి అందట్లేదు. మళ్ళీ మాట వస్తుందో రాదోనని భయమేస్తోంది" అంది. చెయ్యి పట్టుకుని చూశాను, మంచులా ఉంది.

చెప్పేద్దామనే నోరు తెరిచాను. నిజంగానండీ. రుమాలు సంగతి, కుర్చీ సంగతి, అన్నీ. "నీకు ఆగాల్సిన పని లేదే పిచ్చిదానా, వంటింట్లో వాగినట్టు వాగు, చాలు" అందామనే అనుకున్నాను.

ఇంతలో అదే అంది. "ఇంకో సంగతమ్మా, ఏమీ అనుకోకు. రేపు సభలో నువ్వు మేడ మీద వరసలో కూర్చో. ముందు వరసలో ఎడమవైపు నాన్న కుర్చీ పెట్టిస్తాను. నువ్వు ఎదురుగా కనిపిస్తే నా మాటలన్నీ నీవే అంటున్నారు. నాన్న ఉంటే నాకు ధైర్యం."

నా కుర్చీలో మీరు! నాన్న ఉంటే ధైర్యం!

ఎంత ముద్దుగా చెప్పిందో. నా జుట్టు సవరిస్తూ చెప్పింది. నేనూ దాని జుట్టు సవరించాను. "పుట్టుకతోనే వచ్చిందమ్మా మీ నాన్నకి. మీ రక్తంలోనే ఉంది. నువ్వు ఇంకాస్త ఎక్కువసేపు ఆగు" అన్నాను.

ఏంటా చప్పుడు? గొంతులో ఏదైనా అడ్డం పడిందా? ఓ, కోపమా! ఉండండి, నురగ తుడవనివ్వండి. అరె, వదలండి, నా రుమాలు ఎందుకు లాక్కుంటారు? ఎడమ చెయ్యి బాగానే బలపడిందే! ఆ వ్యాయామం చేయించేవాడికి ఏదైనా బహుమతి ఇవ్వాలి.

ఓహో. దానికి చూపించాలనా? రుమాలైతే లాక్కున్నారు, ఎలా చూపిస్తారు చెప్పండి? ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాలి కదా, ఆ చెయ్యేది?

ఉష్, తలుపు కొడుతున్నారు.

రా తల్లీ, రా. అబ్బ, ఎంత బాగున్నావే! ఆ రంగు నీకు బాగా నప్పింది. మీ నాన్నకి నేనే గడ్డం గీశాను, చూడు, పెళ్ళికొడుకులా లేరూ? ఆ గాటా? ఆయనే కదిలారు. కూర్చోబెడితే కుదురుగా ఉంటారా!

ఏంటి? ఆయన చేతిలోదా? నా రుమాలే.

కాదమ్మా, నొప్పి ఏమీ లేదు. చూడు, ఆ పడిపోయిన చేతిలో పెట్టాలని చూస్తున్నారు, జారిపోతోంది... ఇటివ్వండి, కింద పడింది. ఏడుపా? ఏడవరూ మరి? కన్న కూతురు మొదటిసారి మహాసభలో నిలబడుతుంటే ఏ తండ్రికి కళ్ళలో నీళ్ళు రావు? కళ్ళు తుడుచుకుందామని లాక్కున్నారు, అంతే.

ఏమంటున్నారా? నాకు అర్థమవుతుందే. ఇన్నేళ్ళ కాపురం, ఆయన నోరు తెరవకముందే నాకు తెలుస్తుంది. "నాలాగే మాట్లాడమ్మా" అంటున్నారు. "తొందరపడకు, బాగా ఆగు, నా వైపే చూడు" అంటున్నారు. అదుగో, తల కూడా ఊపుతున్నారు చూడు. అడ్డంగా కాదే, మెడ అదిరినప్పుడల్లా అలాగే ఊగుతుంది. దగ్గరికి రా, నుదుటి మీద ముద్దు పెట్టు. ఆఁ. ఇంక వెళ్ళు, టైమవుతోంది. మేం వెనకాలే వస్తాం. నేను మేడ మీదే కూర్చుంటాలే, చెప్పావుగా.

చల్లగా ఉండు తల్లీ.

...

వెళ్ళింది.

ఏంటండీ ఆ చూపు? ఎలుగెత్తి అరవండి కావాలంటే. అరవండి, వింటాను.

మీరనుకుంటున్నట్టు నేనేం రాక్షసిని కాదు. ఏమవుతుందో చెప్పనా? మొదటి వాక్యం బాగానే చెబుతుంది. ఎడమవైపు చూస్తుంది. మీరుంటారు, ఈ శాలువా మోకాళ్ళ మీదుగా ఇలా బిగించి కప్పేస్తాను, రెండు చేతులూ లోపలే ఉంటాయి. ఇంకో రెండు వాక్యాలు లాక్కొస్తుంది. ఆ తర్వాత ఎక్కడో ఒకచోట గొంతు పట్టేస్తుంది. ముందు చప్పట్లు కొడతారు. తర్వాత ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. తర్వాత ఎవరో వెనక నుంచి దగ్గుతారు.

అప్పుడు తల ఎత్తుతుందండీ. మేడ మీదకి. దానికి రుమాలు సంగతి తెలియకపోవచ్చు, కానీ నా ఒళ్ళో కూర్చుని పెరిగిన ప్రాణం అది. నా చెయ్యి కదిలిందంటే దాని నోరు దానంతటదే తెరుచుకుంటుంది. మీది తెరుచుకోలేదూ?

మారుస్తానా? మార్చనా? ఏమో. అప్పటికి ఎలా అనిపిస్తే అలా. నాకు కావలసింది మార్చడం కాదు. అంతమంది ముందు, టీవీలన్నీ చూస్తుండగా, అది పిచ్చిదానిలా నన్ను వెతుక్కోవాలి. మిమ్మల్ని కాదు. నన్ను. ఆ కాసేపు అది ఏడ్చినా ఫరవాలేదు. నిజం చెప్పాలంటే, ఏడవాలనే ఉంది. కన్నతల్లినై ఉండి ఇలా అనొచ్చా అంటే, అనకూడదు. అన్నాను. ఏం చేస్తారు?

ఇంక పదండి. ఇలా రండి, మూతి పక్కన తుడవనివ్వండి, కెమెరాలుంటాయి. కన్నీళ్ళు కూడా... సరే, అవి ఉండనివ్వండి, తండ్రి మనసు అంటారు.

దారిలో ఎవరైనా పలకరిస్తే మీరేం కంగారు పడకండి. ఎంతసేపు నోరు విప్పకపోయినా, రాజమౌనం అనుకుంటారు లెండి.