కొత్త హాల్లో కుర్చీ

మ్యూజియం కాపలాదారు డ్యూటీ దిగి వచ్చి వంటింట్లో కుర్చీలో కూలబడ్డాడు. భార్య పొయ్యి దగ్గర ఉంది.

"కొత్త హాల్లో ఇవాళ జనమంతా నన్నే చూశారు తెలుసా? ఫొటోలు కూడా తీశారు. నేనూ మీసం దువ్వుకుని ఠీవిగా కూర్చున్నా."

"ఈ మొహానికా?"

"తీరా మూసేటప్పుడు తెలిసింది. ఆ కుర్చీ నాకోసం వేసింది కాదు, ప్రదర్శనకి పెట్టింది."

"అయ్యో రాత! బోర్డు లేదా?"

"నా తల వెనకే ఉంది, 'ఖాళీ కుర్చీ' అని."

"మరి ఎవరూ ఏమీ అనలేదా?"

"నన్ను చూశారు, బోర్డు చదివారు, భలే ఉందని తలూపి వెళ్ళిపోయారు."

ఆమె గరిటె ఆగింది.

"నిజం చెప్పవే, ఇప్పుడీ కుర్చీలో ఎవరైనా ఉన్నారా?"

"ఎందుకు లేరూ? ఉన్నారు. లేచి కంచాలు పెట్టండి."