చివరిసారి కనిపించిన తేదీ

(1996. మొరావియాలో ఒక చిన్న పట్టణం. ప్రార్థనలు ఆగిపోయిన పాత యూదుల మందిరం. యుద్ధకాలంలో నాజీలు ఆ ఊరి నుంచి రైళ్లెక్కించి చంపేసిన యూదుల పేర్లు గోడల నిండా ఉన్నాయి. చెమ్మకు చెరిగిన పేర్లను తిరిగి రాస్తున్న హానుష్ నిచ్చెన మీద, కింద ద్రాహోమీర.)

"ఆ తేదీ తప్పని చెబుతున్నాగా! కుంచె ఆపండి ముందు."

"ఆపితే అక్షరం మధ్యలో రంగు ఆరిపోతుంది, ద్రాహోమీరమ్మా. ఏ పేరు?"

"మీరిప్పుడు రాస్తున్నదే. ఎగోన్ పెర్ల్స్. పద్నాలుగేళ్లు. పక్కన జూలై రెండు, నలభై రెండు అని ఉంది. జూలై ఆరు అని ఉండాలి."

"ఏటా వచ్చి ఈ పేరు కిందే నిలబడతారు. ఇన్నాళ్లూ అడగలేదే?"

"ఇన్నాళ్లూ రంగు పచ్చిగా లేదు."

"రెండో తేదీన రైలెక్కించారు. ఆ తర్వాత జాడ లేదు. చావు తేదీ తెలియనప్పుడు చివరిసారి కనిపించిన తేదీ రాస్తాం. కాగితం చూసి రాస్తాం. మీ దగ్గర కాగితముందా?"

"మీకు కాగితం తప్ప ఇంకేదీ పట్టదా? నెత్తిన టోపీ కూడా కాగితమే!"

"మందిరంలో తల కప్పుకోమనేవాడు మా నాన్న. నేను కప్పుకున్నది సున్నం రాలుతుందని. నమ్మకాలతో నాకు పేచీ లేదమ్మా, అవి గోడ మీదికి ఎక్కనంతవరకు. ఒక్క తేదీ ఊహించి రాశామా, రేపెవడో వచ్చి మిగతావన్నీ కట్టుకథే అంటాడు."

"అనేవాళ్లు ఎలాగూ అంటారు."

"అననివ్వండి, నేను మాత్రం సందివ్వను. సరే, ఆరో తేదీన వాణ్ని చూసిందెవరు?"

"ఒకావిడ."

"ఆవిడకి పేరు లేదా?"

"రైలు వంతెన దగ్గర నెమ్మదించిందట. కిటికీలోంచి దూకాడట. నాలుగు రోజులు గసగసాల చేలల్లో దాక్కుని..."

"ఈ 'అట'లన్నీ రాయడానికి గోడ చాలదు."

"దిగిరండి కాస్త. మెడ నొప్పెడుతోంది మీతో."

"వస్తున్నా, వస్తున్నా... ఒక మాట చెప్పనా? ఆ రైలెక్కించినప్పటి జాబితాలో వెయ్యిమంది. దింపినప్పటి జాబితాలో తొమ్మిది వందల తొంభై తొమ్మిది. ముప్పై ఏళ్లుగా దాన్ని గుమాస్తా పొరపాటనుకున్నాను."

"పొరపాటు కాదు."

"అదే ఇప్పుడు నాకు భయం. కూర్చోండి. నేను తయారుచేసుకున్న ఫారం ఒకటుంది. సాక్షి సంతకం చేస్తే మారుస్తాను. ఆవిడ బతికుందా?"

"ఉంది. అరవై తొమ్మిదేళ్లు. మోకాళ్లు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి."

"ద్రాహోమీరమ్మా..."

"రాసుకోండి. ద్రాహోమీర కుబెషోవా. అప్పుడు పదిహేనేళ్లు. వాళ్లది మా పై వాటా. చెరువు గడ్డకడితే ఒక్క జత స్కేట్లు చెరోటి తొడుక్కుని, చేతులు పట్టుకుని జారేవాళ్లం."

"చోటు?"

"మా ఇల్లు. మధ్యాహ్నం. నాన్న మిల్లులో, అమ్మ రొట్టెల కోసం కొట్టు ముందు వరసలో. నేనొక్కదాన్నే."

"వాడేనని ఎలా తెలుసు? ముఖం చూశారా?"

"గొంతు. 'ద్రాహో, నేనే' అన్నాడు. రైలు సంగతంతా చెప్పాడు. రొట్టె అడగలేదు. మంచినీళ్లడిగాడు."

"ఇచ్చారా?"

"మీ ఫారంలో ఆ ప్రశ్న ఉందా?"

"లేదు... దూరం అని ఉంది. ఎంత దూరం నుంచి విన్నారు?"

"రెండు వేళ్లు."

"రెండు వేళ్లేమిటి?"

"మా తలుపు చెక్క మందం. దాచినవాళ్లని ఇంటిల్లిపాదినీ కాల్చేస్తామని వీధి మొగలో కాగితం అంటించారు. గడియ తీయలేదు నేను."

"అమ్మా... యాభై నాలుగేళ్లుగా ఎవరికీ తెలియని సంగతి. ఈ గోడ మిమ్మల్ని ఒక్క మాట అనడం లేదు. ఎందుకు మార్చమంటారు?"

"అందుకే. అక్కడ రెండు అని ఉన్నంతకాలం, వాడు మా గుమ్మం దాకా రానేలేదు."