చెల్లెలి దూకుడు

టీకొట్టు చెల్లెలిది, కబుర్లు అన్నవి. పాలు కాచుకుంటూ ఆమె రోజూ వాటిని ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది. ఆ సాయంత్రం మాత్రం టీవీలో హైజంప్ పోటీలు వస్తున్నాయి.

"రెండు మీటర్ల నలభై అయిదట, ప్రపంచ రికార్డట!" అన్న బల్ల గుద్దాడు. "దానికింత హడావుడి! చదువుకునే రోజుల్లో మా బడి రికార్డు బద్దలు కొట్టింది ఎవరనుకున్నారు? నేనే!"

చెల్లెలి చేతిలో గరిటె ఆగింది. ఆ రికార్డు ఆమెది.

"ఎంత ఎత్తు గురూ?" అన్నాడు ఆటోడ్రైవరు.

"గడ్డం దాకా పెట్టారు, దాటా. నెత్తి మీదికి జరిపారు, దాటా. ఇంకా జరుపుదామంటే స్తంభాలు చాల్లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డ్రిల్లు మాస్టారు కరెంటు తీగ చూపించి, 'ఇది దాటరా చూద్దాం' అన్నాడు. దాటా! తీగ మీద కాకి కూర్చుంటే పైకెళ్తూ ఓసారి, దిగుతూ ఓసారి పలకరించా కూడా."

"అంతసేపు గాల్లో ఆకలెయ్యలేదా?" తాపీమేస్త్రి నవ్వాడు.

"తినే ఎగిరాలేవయ్యా. తీరా దిగేసరికి బడి వదిలేశారు! మైదానంలో పురుగు లేదు. కొలిచే దిక్కు లేకే కదా, నాకు రావాల్సిన పేరు వీడెవడికో పోయింది! కావాలంటే మా చెల్లినడగండి, కింద నా చెప్పులు పట్టుకుని నిలబడింది."

గరిటె గిన్నెలో ఠంగుమని పడింది.

"దూకింది నేను. చెప్పులు పట్టుకుంది నువ్వు!"

కొట్టంతా గొల్లుమంది. "అన్నకి తగ్గ చెల్లెలివే అక్కా! కోతలు మీ ఇంట్లో అందరికీ వచ్చా?" అన్నాడు ఆటోడ్రైవరు. అన్న కూడా పగలబడి నవ్వుతున్నాడు.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. బతుకులో గొప్పగా చెప్పుకోడానికి ఉన్నది ఆ ఒక్కటే. దాన్నీ ఈ మనిషి తన అబద్ధాల్లో కలిపేసుకున్నాడు. ఇప్పుడు తను నిజం చెప్పినా కోతే అయింది.

షట్టరు దించే కర్ర లాగింది. గుమ్మంలో అటూ ఇటూ కుర్చీలు దొంతరలు పెట్టి, నడుము ఎత్తున దాన్ని అడ్డంగా పరిచింది. బయట మేస్త్రి పోయించిన ఇసక కుప్ప ఉంది.

"వద్దే, కాళ్లు విరుగుతాయ్!" అన్న లేచాడు.

"నోర్ముయ్!"

చెప్పులు విడిచి, పొయ్యి దగ్గర్నుంచి ఏటవాలుగా పరుగందుకుంది. ఒక కాలు, వెనకే రెండోది. కర్ర కదల్లేదు. ఇసకలో మోకాళ్ల మీద పడి, అరచేతులు దులుపుకుంటూ లేచింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"చూశారా!" అన్న గొంతు సవరించుకున్నాడు. "అసలు దానికి నేర్పిందే..."

తాపీమేస్త్రి రెండు వైపులా ఇంకో కుర్చీ ఎక్కించి, కర్ర సరిచేసి, పక్కకి తప్పుకున్నాడు.

"కానివ్వు పెద్దాయనా."

అన్న కర్రని చూశాడు, మోకాలు తడుముకున్నాడు, వాచీ చూసుకున్నాడు. అవతల చెల్లెలు నడుం మీద చేతులేసుకుని, రొప్పుతూ, రెప్ప వెయ్యకుండా చూస్తోంది. బయటికి ఇంకో దారి లేదు.

తల వంచి, కర్ర కిందనుంచి దూరి వెళ్లిపోయాడు.